తాతలు తాగిన నెయ్యి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు రాస్తున్న నవలలో ఒక పెద్ద దేశం పక్క దేశం మీద దండెత్తింది. వారం పది రోజుల్లో ముగుస్తుందనుకున్న యుద్ధం ఏడాది దాటింది. ఈలోగా ఎప్పుడో తాతల కాలంలో గెలిచిన యుద్ధానికి గుర్తుగా ఏటా చేసుకునే సైనిక పండగ వచ్చింది. ఆ రోజు ఆ దేశంలో ఎలా ఉంటుంది? "పెద్ద పరేడ్, నాయకుడి గర్జన, జనం చప్పట్లు. ఇంతేనా, ఇంకేమన్నా ఉంటుందా?" అని అడిగారు.

ఇంకా చాలా ఉంటుంది. పైగా మీరు చెప్పిన మూడింటిలో రెండు అసలు ఉండకపోవచ్చు. మీకు ఊహాలోకంతో పనిలేదు, కళ్ళ ముందే నమూనా ఉంది: రష్యా, మే 9, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద గెలిచిన విక్టరీ డే. నేను 1987లో చదువు కోసం మాస్కో వెళ్ళాను, ఆ తర్వాత మందుల ఎగుమతి పనిలో పడి అక్కడే సుమారు ముప్పై ఏళ్ళు ఉన్నాను. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నా. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక జరిగిన మే 9లు నేను దూరం నుంచి, అక్కడి పాత స్నేహితుల ఫోన్ల ద్వారా చూసినవే. అంతకు ముందువి మాత్రం వీధిలో నిలబడి చూశాను. ఈ రెండింటికీ ఉన్న తేడాయే మీ చాప్టర్‌కి పనికొస్తుంది.

ముందు ఆ తేదీ సంగతి. జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకం 1945 మే 7న ఫ్రాన్స్‌లోని రాన్స్‌లో అయిపోయింది. స్టాలిన్ ఒప్పుకోలేదు, బెర్లిన్‌లోనే, సోవియట్ వాళ్ళ సమక్షంలో మళ్ళీ సంతకం పెట్టాలన్నాడు. మే 8 రాత్రి బాగా పొద్దుపోయాక అది జరిగింది. అప్పటికి మాస్కో గడియారంలో తేదీ మారిపోయింది. అందుకే యూరప్‌కి మే 8, రష్యాకి మే 9. ఆ ఏడాది జూన్ 24న వానలో రెడ్ స్క్వేర్ మీద పరేడ్ జరిగింది. మార్షల్ జూకోవ్ తెల్ల గుర్రం మీద వచ్చాడు. 200 నాజీ జెండాలను తెచ్చి లెనిన్ సమాధి ముందు నేల మీద పడేశారు. ఆ ఫోటో మీరు చూసే ఉంటారు.

అక్కడి నుంచి ఏటా ఘనంగా చేశారనుకుంటే పొరపాటు. 1948 నుంచి మే 9 మామూలు పనిదినం. సెలవు కూడా లేదు. స్టాలిన్‌కి యుద్ధం నుంచి తిరిగొచ్చిన జనరళ్ళ పేరు ప్రతిష్ఠలు నచ్చలేదని ఒక మాట, వీధుల్లో కాళ్ళూ చేతులూ పోయిన మాజీ సైనికులను చూడాలని ఎవరికీ లేదని ఇంకో మాట. 1965లో, ఇరవయ్యేళ్ళ సందర్భంగా, అప్పటి సోవియట్ నాయకుడు బ్రెజ్నేవ్ మళ్ళీ సెలవు ఇచ్చి పరేడ్ పెట్టాడు. ఆ తర్వాత సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్ళూ మే 9న రెడ్ స్క్వేర్ పరేడ్ జరిగింది 1985, 1990లలో మాత్రమే. ఏటా చేయడం 1995 నుంచి, ట్యాంకులూ క్షిపణులూ రెడ్ స్క్వేర్ మీదకు మళ్ళీ రావడం 2008 నుంచి. అంటే మనం టీవీలో చూసి "వీళ్ళ అనాది సంప్రదాయం" అనుకునేది ఈ మధ్యది. మీ నవలలో కూడా ఇలాంటి చరిత్ర పెట్టుకోండి. పండగ ఏ ఏళ్ళలో పెద్దదైంది, ఏ ఏళ్ళలో చిన్నదైంది అన్నదాన్ని బట్టి అప్పటి ప్రభుత్వానికి దానితో ఎంత పని పడిందో పాఠకుడికి మీరు చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక ఇళ్ళలో జరిగేది. 1991లో నేను ఒక ముసలామె ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆమె అన్న ఆ యుద్ధంలో ర్జెవ్ అనే ఊరి దగ్గర పోయాడు, శవం దొరకలేదు. మే 9 పొద్దున్నే వంటింటి బల్ల మీద అతని ఫోటో పెట్టేది. దాని ముందు ఒక చిన్న గాజు గ్లాసులో వోడ్కా పోసి, గ్లాసు మీద నల్ల రొట్టె ముక్క ఒకటి మూతలా పెట్టేది. అది పోయినవాళ్ళ వాటా, ఎవరూ ముట్టుకోకూడదు. నన్ను పిలిచి కూర్చోబెట్టి సూపు పెట్టింది. నేను మన అలవాటు కొద్దీ గ్లాసు ఎత్తి ఆమె గ్లాసుకు తగిలించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. చనిపోయినవాళ్ళ కోసం తాగేటప్పుడు గ్లాసులు తగిలించరట. సాయంత్రం ఏడు గంటలకు టీవీలో నిమిషం మౌనం. ఆమె లేచి నిలబడింది, నేనూ నిలబడ్డాను. నాకు మా ఇంట్లో తాతయ్య తద్దినం గుర్తొచ్చింది. రాత్రి పదింటికి టపాసులు పేలుతుంటే బాల్కనీలోకి వచ్చి చిన్నపిల్లలా చూసింది.

ఒకే రోజున తద్దినమూ పండగా. ఆ దేశంలో చచ్చిపోయినవాళ్ళు 2 కోట్ల 70 లక్షల మంది. ఎవరినీ పోగొట్టుకోని ఇల్లు వెతికినా దొరకదు. అందుకే ఆ రోజు మీద ప్రభుత్వానికి ఎంత హక్కుందో వంటింట్లో ఆ ఫోటో పెట్టుకున్న ఆడమనిషికీ అంతే హక్కు ఉండేది. ఆ తరం వాళ్ళ నోట ఎప్పుడూ ఒకే మాట: "యుద్ధం ఒక్కటి రాకపోతే చాలు." జీతాలు రాకపోయినా, షాపుల్లో చక్కెర దొరక్కపోయినా అదే అనేవాళ్ళు.

ఆ మాట పోయి ఇంకో మాట ఎప్పుడు వచ్చిందో నేను చెప్పగలను, ఎందుకంటే రోజూ ఆఫీసుకి వెళ్ళే దారిలో చూశాను. 2010 దాటాక, ఉక్రెయిన్ నుంచి క్రిమియాను లాక్కున్న గొడవ తర్వాత మరీ ఎక్కువగా, కార్ల వెనక అద్దాల మీద స్టిక్కర్లు వచ్చాయి: "మళ్ళీ చేసి చూపించగలం." అంటే బెర్లిన్ దాకా మళ్ళీ వెళ్ళగలం అని. ఆ స్టిక్కర్ అంటించుకున్న కార్లలో జర్మన్ కార్లు కూడా ఉండేవి, అది వేరే సంగతి. అంటించినవాళ్ళకు ముప్పై ఏళ్ళు, యుద్ధం చూసినవాళ్ళకు తొంభై. మనవాళ్ళు దీనికి ఎప్పుడో సామెత కట్టి పెట్టారు: తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని. దండెత్తిన దేశం సైనిక పండగ గురించి నేను చెప్పగలిగిందంతా ఆ సామెతలోనే ఉంది. తాతలు నిజంగానే తాగారు, ఎవరూ కాదనలేరు. ఆ వాసన ఈనాటి యుద్ధానికి పూయడమే పండగ పని.

సరే, 2022కి వద్దాం. ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దండయాత్ర మొదలైంది. మే 9 దగ్గరపడే కొద్దీ ప్రపంచమంతా ఒకటే టెన్షన్. ఆ రోజు పుతిన్ అధికారికంగా యుద్ధం ప్రకటిస్తాడు, జనాన్ని బలవంతంగా సైన్యంలోకి పిలుస్తాడు అని బ్రిటన్ రక్షణ మంత్రే బయటికి అన్నాడు. ఏమీ జరగలేదు. పదకొండు నిమిషాల ప్రసంగం. అందులో "ఉక్రెయిన్" అన్న పేరే లేదు. తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్ ఉంది, నాటో ఉంది, నాజీల మాట ఉంది, తాతల మాట ఉంది. గెలిచామని లేదు, ఎప్పుడు గెలుస్తామో లేదు. ఒక్క కొత్త విషయం ఏమిటంటే చనిపోయిన, గాయపడిన సైనికుల పిల్లలకు సాయం చేస్తూ ఉత్తర్వు ఇచ్చానని చెప్పడం. పెద్ద విషయం చెప్పడానికి పండగ రోజు పనికిరాదని నా అభిప్రాయం. ఆ రోజు జనం పిల్లాపాపలతో బయట ఉంటారు, మూడ్ పాడుచేయకూడదు. మూడు లక్షల మందిని సైన్యంలోకి పిలిచింది సెప్టెంబర్ 21న. ఏ పండగా లేని బుధవారం పొద్దున్న, రికార్డు చేసిన ప్రసంగంతో. మీ నాయకుడు కూడా పండగ రోజు గర్జించకపోతేనే నమ్మబుద్ధేస్తుంది.

ఆ ఏడాదే విమానాల ప్రదర్శన రద్దయింది. 77 విమానాలు ఎగరాలి, అందులో ఎనిమిది మిగ్-29లు ఈ యుద్ధానికి రష్యా గుర్తుగా వాడే "జెడ్" అక్షరం ఆకారంలో. రిహార్సల్స్‌లో మాస్కో జనం చూశారు కూడా. ఆ రోజు పొద్దున "వాతావరణం బాగాలేదు" అన్నారు. మే 9న వాన పడకుండా ముందే విమానాలు పంపి మబ్బులను చెదరగొట్టే ఊరు అది. అక్కడి వాళ్ళకు ఈ కారణం ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి. అదే రోజు స్మార్ట్ టీవీల్లో ప్రోగ్రాముల పట్టికను ఎవరో హ్యాక్ చేసి ప్రతి చానెల్ పేరు దగ్గరా యుద్ధ వ్యతిరేక వాక్యం పెట్టారు. టీవీ ముందు కూర్చుని పరేడ్ ఎన్నింటికో చూద్దామని రిమోట్ నొక్కినవాళ్ళకు అది కనిపించింది.

2023 నుంచి అసలు కథ. దండెత్తిన దేశం పండగ చిక్కిపోతుంది. మే 3న క్రెమ్లిన్ గుమ్మటం మీదే డ్రోన్లు పేలాయి. సరిహద్దు దగ్గరి బెల్గొరోద్, కుర్స్క్‌లతో పాటు ఇరవైకి పైగా ఊళ్ళలో పరేడ్ రద్దు. ఒకచోట ఇంతమంది సైనికులనూ ఇన్ని వాహనాలనూ నిలబెడితే శత్రువుకు ఊరిస్తున్నట్టు ఉంటుందని బెల్గొరోద్ గవర్నర్ కారణం చెప్పాడు. మాస్కోలో పరేడ్ జరిగింది. కానీ రెడ్ స్క్వేర్ మీదకు వచ్చిన ట్యాంకు ఎన్ని? ఒక్కటి. అదీ రెండో ప్రపంచ యుద్ధం నాటి టి-34. మిగతా ట్యాంకులు ఎక్కడున్నాయో చెప్పక్కర్లేదు. 2024లోనూ ఆ ఒక్క టి-34 ఒంటరిగా, మే నెలలో పడుతున్న మంచులో, గుడగుడమంటూ పోయింది. ఇలాంటి బొమ్మను మీరు కల్పించి రాస్తే సంపాదకుడు "మరీ సింబాలిక్‌గా ఉంది, తీసేయండి" అంటాడు.

అయినా నా దృష్టిలో ట్యాంకుల కన్నా పెద్ద విషయం ఇంకోటి ఉంది. దాని పేరు "అమర రెజిమెంట్".

2012లో సైబీరియాలోని తోమ్స్క్‌లో ఒక చిన్న టీవీ చానెల్ జర్నలిస్టులు ముగ్గురు దీన్ని మొదలుపెట్టారు. పాత సైనికులు ఒక్కొక్కరే పోతున్నారు, పరేడ్‌లో నడవడానికి ఎవరూ మిగలట్లేదు. కాబట్టి వాళ్ళ ఫోటోలను కర్రలకు కట్టుకుని మనమే నడుద్దాం అన్నారు. అంతే. పార్టీ జెండాలు వద్దు, కంపెనీ లోగోలు వద్దు, ఎవరింటి ఫోటో వాళ్ళది. ఆరు వేల మంది వచ్చారు. రెండు మూడేళ్ళలో దేశమంతా పాకింది. 2015లో మాస్కోలో ఐదు లక్షల మంది నడిచారు, వాళ్ళ ముందు పుతిన్ తన తండ్రి ఫోటో పట్టుకుని నడిచాడు. ఆయన అన్న లెనిన్‌గ్రాద్ ముట్టడిలో పసిబిడ్డగా పోయాడు, తండ్రి ఆ ముట్టడిలోనే గాయపడ్డాడు. అది అబద్ధం కాదు. నేను ఆ ఏడాది ట్వెర్స్కయా వీధిలో జనంలో నిలబడి చూశాను. వీధంతా ఒక మనిషి ఎత్తున ముఖాల నది. వెనక లౌడ్‌స్పీకర్లు, స్పాన్సర్ల బ్యానర్లు అప్పటికే వచ్చేశాయి, అయినా ఒక పిల్ల తన ముత్తాత ఫోటోను రెండు చేతులతో పట్టుకుని చేతులు లాగేస్తుంటే తండ్రికి ఇవ్వనని మొరాయించడం చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంత ముద్దుగా పెంచుకున్న ఊరేగింపును 2023లో ప్రభుత్వమే ఆపేసింది. ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టుకోండి, కారు అద్దానికి అంటించుకోండి, చొక్కాకు తగిలించుకోండి అంది. భద్రత కోసమన్నారు. భద్రత నిజమే కావచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. కొత్తగా చనిపోయిన కొడుకు ఫోటోతో ఒక తల్లి ఆ వరుసలో నిలబడితే ఎవరు ఆపుతారు? "మీవాడు వేరే యుద్ధం" అనగలరా? అది అదే యుద్ధమని టీవీలో రోజూ చెబుతున్నది ప్రభుత్వమే కదా. అలాంటి తల్లులు ఒక చిన్న ఊళ్ళో ఇరవై మంది వస్తే చూసేవాడు లెక్కపెట్టుకుంటాడు. లెక్క బయటపడకూడదు. 2022 సెప్టెంబర్‌లో రక్షణ మంత్రి షోయిగు చెప్పిన 5,937 అన్న సంఖ్య తర్వాత చనిపోయినవాళ్ళ మొత్తం లెక్క మళ్ళీ చెప్పలేదు. తాతల ఫోటోలూ మనవల ఫోటోలూ పక్కపక్కన నడిస్తే సామెత తిరగబడుతుంది. ఇది నా ఊహ, అధికారులు ఒప్పుకోరు. నాతో పనిచేసిన ఒకాయన ఆ మే నెలలో ఫోన్ చేసినప్పుడు చెప్పాడు: వాళ్ళ మేనత్త ఇంట్లో బల్ల మీద ఈసారి రెండు గ్లాసులు పెట్టారట, రెండింటి మీదా రొట్టె ముక్కలు. ఫోన్లో అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. సైన్యం గురించి "తప్పుడు సమాచారం" చెబితే పదిహేనేళ్ళ దాకా జైలు అని 2022 మార్చిలోనే చట్టం వచ్చింది, ఫోన్లో జనం వాతావరణం గురించి మాట్లాడుకుంటారు.

పాత ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఇదేదో రష్యన్ల జబ్బు అనుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ కోసం జర్మన్లు ఒక సంతాప దినం పెట్టుకున్నారు. జెండాలు సగం దించేవాళ్ళు. 1934లో నాజీలు దాని పేరు "వీరుల స్మారక దినం"గా మార్చి, జెండాను పూర్తిగా ఎగరేయమన్నారు. తద్దినంలోంచి ఏడుపు తీసేశారన్నమాట. 1943 మార్చి 21న, స్టాలిన్‌గ్రాద్ ఓటమి తర్వాత రెండు నెలలు కూడా కాకముందు, బెర్లిన్‌లోని పాత ఆయుధాగారంలో హిట్లర్ ఆ రోజు ప్రసంగం చేశాడు. యుద్ధంలో ఇప్పటిదాకా 5,42,000 మంది చనిపోయారన్నాడు. అసలు సంఖ్య అప్పటికే పది లక్షలు దాటింది. ప్రసంగం తర్వాత పక్కనే, సోవియట్ సైన్యం నుంచి పట్టుకున్న ఆయుధాల ప్రదర్శన. దాన్ని చూపించాల్సిన అధికారి కర్నల్ గెర్స్‌డార్ఫ్. అతని కోటు జేబుల్లో రెండు బాంబులు, పది నిమిషాల ఫ్యూజు. హిట్లర్ ఏ ఫిరంగి ముందూ ఆగకుండా గబగబా నడుచుకుంటూ రెండు మూడు నిమిషాల్లో బయటపడ్డాడు. గెర్స్‌డార్ఫ్ టాయిలెట్‌లోకి పరిగెత్తి ఫ్యూజు పీకేసి బతికిపోయాడు. యుద్ధం అయ్యాక జర్మన్లు ఆ రోజును మళ్ళీ సంతాప దినంగా మార్చుకుని నవంబర్‌లోకి జరుపుకున్నారు.

పట్టుకున్న ఆయుధాల ప్రదర్శన అనగానే మీకు గుర్తొచ్చే ఉంటుంది. 2024 మే 1 నుంచి మాస్కోలోని విక్టరీ పార్కులో అమెరికా అబ్రామ్స్ ట్యాంకు, జర్మన్ లెపర్డ్, బ్రాడ్లీ బండి వరసగా నిలబెట్టారు. జనం క్యూలు కట్టి సెల్ఫీలు దిగారు. సొంత ట్యాంకులు రెడ్ స్క్వేర్ మీదకు రాలేని ఏడాది పరాయివాళ్ళ కాలిన ట్యాంకులతో పండగ లోటు తీరింది. ఇక్కడ న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఈ పని ముందు చేసింది ఉక్రెయిన్. 2022 ఆగస్టు 24న తమ స్వాతంత్ర్య దినానికి కీవ్‌లోని క్రెషాతిక్ వీధిలో తుక్కయిన రష్యన్ ట్యాంకులను "పరేడ్" చేసినట్టు వరసగా నిలబెట్టారు. పరేడ్ చేద్దామని వచ్చారుగా, ఇదిగో పరేడ్ అని వెటకారం. అదే వస్తువు, అదే వీధి ప్రదర్శన. ఒకచోట ఇంటికొచ్చిన దొంగ చెప్పులు చూపించడం, ఇంకోచోట దొంగతనానికి వెళ్ళి తెచ్చుకున్న సామాను చూపించడం. మీ నవలలో ఈ తేడా ఒక పాత్ర నోట రానీయండి, వచ్చాక ఆ పాత్రకు ఏమవుతుందో కూడా రాయండి.

ఒక పక్క మాట. జపాన్ సైన్యానికి కూడా ఒక పండగ ఉండేది, మార్చి 10, 1905లో ముక్డెన్ దగ్గర రష్యా మీద గెలిచిన రోజు. చైనాను ఆక్రమించినన్నాళ్ళూ దాన్ని జరుపుకున్నారు. 1945లో ఆ పండగ తెల్లవారేలోపు అమెరికన్ విమానాలు టోక్యో మీద అగ్నిబాంబులు కురిపించాయి. ఒక్క రాత్రిలో సుమారు లక్ష మంది పోయారు.

పిల్లల సంగతి మీరు అడగలేదు, కానీ వదలకండి. మే 9 వస్తే కిండర్‌గార్టెన్ పిల్లలకు సైనిక టోపీలు పెట్టి పాటలు పాడిస్తారు. ట్యాంకు ఆకారంలో ముస్తాబు చేసిన పసిపిల్లల బండ్లు నేను స్వయంగా చూశాను. బడుల్లో "వీరుడి బెంచి" అని ఒకటి ఉంటుంది. యుద్ధవీరుడి ఫోటో, జీవిత వివరాలు అతికించిన డెస్కు. బాగా చదివే పిల్లలకు దాని మీద కూర్చునే గౌరవం. ఒకప్పుడు అందులో తాతలు ఉండేవాళ్ళు, ఇప్పుడు నిన్నగాక మొన్న అదే బడిలో చదివి ఉక్రెయిన్‌లో చనిపోయిన కుర్రాళ్ళు కూడా చేరారు. ఫిబ్రవరి 23న ఇంకో సైనిక పండగ ఉంది, "మాతృభూమి రక్షకుల దినం". నా కాలంలో అది మగవాళ్ళ పండగలా ఉండేది. ఆఫీసులో ఆడవాళ్ళు మాకు సాక్సులో షేవింగ్ క్రీమో కొనిచ్చేవాళ్ళు. రెండు వారాల్లో మార్చి 8న మేం పూలు ఇచ్చి బాకీ తీర్చుకునేవాళ్ళం. సైన్యం ఎవరికీ గుర్తు కూడా ఉండేది కాదు. 2023లో ఆ పండగ ముందు రోజు లుజ్నికీ స్టేడియంలో పెద్ద కచేరీ పెట్టి, రష్యా ఆక్రమించిన ఉక్రెయిన్ నగరం మరియుపోల్ పిల్లలను స్టేజీ ఎక్కించి, తమను కాపాడినందుకు ఒక రష్యన్ సైనికుడికి మైకులో థ్యాంక్స్ చెప్పించారు. మరియుపోల్‌ను ఏం చేశారో తెలిసినవాళ్ళు ఆ వీడియోను పూర్తిగా చూడలేరు. నేను సగంలో ఆపేశాను.

మరియుపోల్ పేరొచ్చింది కాబట్టి, మీ కథలో ఆక్రమించుకున్న ఊళ్ళో పండగ సీను తప్పకుండా ఉండాలి. నన్నడిగితే మాస్కో సీను కన్నా అదే ముఖ్యం. 2022 మే 9న ఆ ఊళ్ళో అజోవ్‌స్టల్ ఉక్కు ఫ్యాక్టరీ సొరంగాల్లో ఉక్రెయిన్ సైనికులు ఇంకా లొంగలేదు. ఊరంతా కూలిన ఇళ్ళు. అలాంటి వీధిలో నలుపు-నారింజ చారల సెయింట్ జార్జ్ రిబ్బన్‌ను వందల మీటర్ల పొడవున కుట్టించి, జనం చేత మోయించారు. ఆ రిబ్బన్ 2005లో తాతల గుర్తుగా వీధుల్లో ఉచితంగా పంచిపెట్టినది. నేనూ బ్యాగుకు కట్టుకున్నాను, సిగ్గేం లేదు. 2014లో డాన్‌బాస్ వేర్పాటువాదుల చొక్కాల మీద అది కనబడ్డాక విప్పేశాను. ఎర్రజెండా పట్టుకున్న ఒక ముసలావిడ విగ్రహం కూడా ఆ మే నెలలోనే మరియుపోల్‌లో పెట్టారు. అసలు ఆవిడ ఉక్రెయిన్‌లో ఒక పల్లెటూరి ముసలమ్మ. వచ్చినవాళ్ళు రష్యన్ సైనికులనుకుని ఇంట్లో ఉన్న సోవియట్ జెండా పట్టుకుని బయటికొచ్చింది. వాళ్ళు ఉక్రెయిన్ సైనికులు. ఆ వీడియోతో ఆవిడ రష్యాలో పోస్టర్లకెక్కింది, స్టిక్కర్లకెక్కింది, విగ్రహమైంది.

దీని పక్కన పెట్టవలసిన పేరు ఇంకొకటి: బోరిస్ రొమాన్‌చెంకో. బూకెన్‌వాల్డ్ సహా నాలుగు నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ మనిషి. 2022 మార్చిలో, 96 ఏళ్ళ వయసులో, ఖార్కివ్‌లో తన ఫ్లాట్‌లో ఉండగా బాంబు దాడిలో చనిపోయాడు. నాజీల నుంచి విముక్తి చేస్తున్నామన్న సైన్యం దాడిలో. ఉక్రెయిన్ 2023లో మే 9ని వదిలేసి, యూరప్‌తో పాటు మే 8కి మారింది. ఆ విజయంలో వాళ్ళ వాటా తక్కువేమీ కాదు, లక్షల మంది ఉక్రెయిన్ వాళ్ళు ఎర్రసైన్యంలో పోయారు. ఒకే తాత ఆస్తి, ఇద్దరు మనవలు, ఒకడు ఇంకొకడి ఇల్లు తగలబెడుతున్నాడు. తాత ఫోటో ఎవరి గోడ మీద ఉండాలి?

ఇక మీకు రాయడానికి పనికొచ్చే చిన్న చిన్న విషయాలు. పరేడ్ ఆ ఒక్క రోజుది కాదు. నెలన్నర ముందు నుంచి మాస్కో బయట అలాబినో మైదానంలో రిహార్సల్స్ ఉంటాయి. తర్వాత రాత్రిళ్ళు ఊళ్ళోకి వస్తారు, ట్వెర్స్కయా వీధి మూసేస్తారు, డీజిల్ వాసన తెల్లారేదాకా పోదు. జనం తిట్టుకుంటూనే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూడడానికి వస్తారు. పార్కుల్లో సైనిక వంటశాల పెట్టి గోధుమరంగు బక్‌వీట్ జావ లాంటిది ఉచితంగా పెడతారు, నిజానికి బాగానే ఉంటుంది. సమాధుల దగ్గర పెట్టే ఎర్ర కార్నేషన్లు సరిసంఖ్యలో ఉండాలి, బేసి సంఖ్య బతికున్నవాళ్ళకి. ఇది తప్పు రాస్తే రష్యా తెలిసినవాళ్ళు వెంటనే పట్టుకుంటారు.

నాయకుడి పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి. 2015లో క్రిమియా వల్ల పశ్చిమ దేశాల నాయకులు రాలేదు. మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ వెళ్ళారు, మన గ్రెనేడియర్స్ రెడ్ స్క్వేర్ మీద నడిచారు. 2020లో కోవిడ్ వల్ల జూన్ 24కి మారిన పరేడ్‌లో మన త్రివిధ దళాలు కూడా నడిచాయి. 2025లో ఎనభై ఏళ్ళ సందర్భంగా షీ జిన్‌పింగ్ పక్కన కూర్చున్నాడు, చైనా సైనికులు నడిచారు, ఉత్తర కొరియా జనరళ్ళకు పుతిన్ స్వయంగా చేయి కలిపాడు. అప్పుడే మనకు పాకిస్తాన్‌తో ఆపరేషన్ సిందూర్ నడుస్తోంది, మన తరఫున రక్షణ శాఖ సహాయ మంత్రి వెళ్ళారు. ఆ ఏడాది ట్యాంకులు మళ్ళీ వచ్చాయి, లారీల మీద డ్రోన్లు మొదటిసారి ఊరేగాయి, ఉక్రెయిన్‌లో పోరాడి వచ్చినవాళ్ళు పదిహేను వందల మంది నడిచారు. ఆ మూడు రోజులు కాల్పులు ఆపుతామని రష్యా ఏకపక్షంగా ప్రకటించింది. ఎవరు ఆపలేదో ఒకరినొకరు నిందించుకున్నారు. మాస్కోలో మొబైల్ ఇంటర్నెట్ కట్ చేశారు, డ్రోన్ల కోసమట. మా స్నేహితుడొకడు కార్డు పనిచేయక, ట్యాక్సీ బుక్ కాక, చేతిలో నోట్లు లేక, మూడు మెట్రో స్టేషన్ల దూరం నడిచి అమ్మ ఇంటికెళ్ళాడు. మీ నవలలో రాజధాని మధ్యతరగతి మనిషికి యుద్ధం తగిలేది ఇలాగే ఉంటుంది. తన్నులా తగలదు, నెట్ రాకపోవడంలా తగులుతుంది.

తన్నులా తగిలేది దూరపు చిన్న ఊళ్ళకి, జీతం చాలనివాళ్ళకి. 2024 జులైలో మాస్కో నగరం సైన్యంలో చేరేవాళ్ళకు సంతకం పెట్టగానే 19 లక్షల రూబుళ్ళు ఇస్తానంది. హెల్పర్ ఉద్యోగం అని ఏజెంట్లు చెబితే నమ్మి వెళ్ళిన మన హైదరాబాద్ కుర్రాడు ఒకడు ఆ యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నాడని ఆ ఏడాది మార్చిలో తెలిసింది. వార్త వచ్చిన రోజు నాకు తెలిసిన మెడికల్ విద్యార్థుల తల్లిదండ్రులు అరడజను మంది ఫోన్ చేశారు.

ముందు వరుసలో ఉన్న సైనికులకు ఆ తేదీ గడువుగా మారుతుంది. పండగకి ఏదో ఒక ఊరు బహుమతిగా ఇవ్వాలి. 1943లో కీవ్‌ను ఎర్రసైన్యం విడిపించింది నవంబర్ 6న, విప్లవ దినానికి సరిగ్గా ఒక్క రోజు ముందు. 2023 మే 9 కల్లా తూర్పు ఉక్రెయిన్‌లోని బఖ్ముత్ పడాలని అందరూ ఎదురుచూశారు. మే 5న, రష్యా తరఫున పోరాడే వాగ్నర్ అనే కిరాయి సైన్యం అధిపతి ప్రిగోజిన్ తన మనుషుల శవాల మధ్య నిలబడి, గుండ్లు ఇవ్వండి అని జనరళ్ళను బూతులు తిడుతూ వీడియో పెట్టాడు. పండగ అయిపోయాక పదకొండు రోజులకు గానీ ఊరు తీసుకున్నామని చెప్పలేకపోయాడు. మీ కమాండర్ పాత్ర గోడ మీద క్యాలెండర్ పెట్టండి, తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉండాలి.

చివర్లో టపాసుల గురించి అడిగారు, యుద్ధంలో ఉన్న దేశం కాలుస్తుందా అని. మాస్కోలో కాలుస్తారు, రాత్రి పదింటికి, ముప్పై సార్లు. సరిహద్దు వైపు పరేడ్‌తో పాటు టపాసులు కూడా మానేసిన ఊళ్ళు ఉన్నాయి. అక్కడ చీకటి పడ్డాక అలాంటి శబ్దం వినిపిస్తే పిల్లల్ని బాల్కనీలోకి తీసుకెళ్ళరు, గోడ అడ్డం ఉన్న బాత్రూంలోకి తీసుకెళ్తారు.